నూట పద్దెనిమిది దారులు, ఒక గురువారం

2006 అక్టోబరు మూడో తేదీ, మంగళవారం, దసరా మర్నాడు. ఉదయం తొమ్మిదింపావుకి మా చెల్లెలి కూతురు ఒక బ్యాగుతో ఆటో దిగింది. చెప్పులు విడిచి లోపలికొచ్చి, "పెద్దమ్మా, కొన్నాళ్ళుంటాను" అంది. ఎన్నాళ్ళని అడిగాను. తెలీదంది. అంతకు మించి ఏమీ అడగకుండా అన్నానికి ఇంకో సోలెడు బియ్యం కడిగాను.

నేను ఎ.ఎస్. రావు నగర్ పక్కనున్న పెద్ద ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి, అప్పటికి ఐదేళ్ళ కిందట రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. నా పని తీగల కట్టలు పరీక్షించడం. ఒక్కో కట్టలో నూటయాభై తీగలుండేవి, రెండువందలుండేవి. తీగకు ఈ చివర ఒక సూది, ఆ చివర ఒక సూది ఆనిస్తే బజరు మోగాలి. మోగితే డ్రాయింగులో ఆ తీగ మీద ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టాలి. ఒక్కటి మోగకపోయినా కట్ట మొత్తం వెనక్కి పోయేది.

మా సెక్షన్‌లో ఒక నియమం ఉండేది. రిజిస్టరులో ఖాళీ వరస ఉండకూడదు. ఖాళీ వదిలితే రేపెవరో వచ్చి అందులో తమకు కావలసింది రాసుకుంటారు. ఆ రోజు పరీక్షకు ఏమీ రాకపోతే 'నిల్' అని రాసి, కుడి అంచు దాకా అడ్డగీత గియ్యాలి. రిటైరయ్యాక ఇంటి రిజిస్టరు కూడా నేను అలాగే రాస్తూ వచ్చాను. కరెంటు పోయిన వేళ, వాన, వచ్చిన మనుషులు. ఎవరూ రాని రోజున 'ఎవరూ రాలేదు' అని రాసి అంచు దాకా గీత. ఈ అలవాటు సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదంతా ఆ గీత వల్లనే జరిగింది.

మా పిల్ల సైనిక్‌పురిలో ఒక మేడ మీది చిన్న కంపెనీలో రాసే పని చేసేది. పదకొండు మంది ఉండేవారు. విదేశీ క్లయింటు కోసం కంప్యూటరు ఆటలు తయారుచేసేవారు. వాటిలో పరుగులూ కాల్పులూ ఉండవు. తెర మీద ఒక గది బొమ్మ, గదిలో ఒక మనిషి, కింద ఆ మనిషి మాటలు. చదువుకుంటూ పోవడమే. కొన్ని చోట్ల కథ ఆగి అడుగుతుంది, ఇప్పుడీమె ఏం చెయ్యాలి అని. నిజం చెప్పాలా, మాట మార్చాలా, లేచి వెళ్ళిపోవాలా. ఆడేవాళ్ళు ఏది నొక్కితే కథ అటు మళ్ళుతుంది. ఒక్కో ఎంపికకి భర్త మనసులో రెండు మార్కులు పెరుగుతాయి, లేదా మూడు తగ్గుతాయి. కలుస్తారా విడిపోతారా అన్నది ఆ మార్కుల కూడికను బట్టి తేలుతుంది.

పెద్దవాళ్ళకు మాత్రమే అమ్మే ఆట అది. భార్య, భర్త, భార్యతో పనిచేసే ఒకతను. కొన్ని చోట్ల పడకగది. అలాంటి చోట మా పిల్ల 'ఇక్కడ బొమ్మ' అని మాత్రం రాసి వదిలేది. బొమ్మలు వేసేవాళ్ళు వేరే. అల్వాల్‌లో ఆమె అత్తవారికి మాత్రం కంపెనీకి కంటెంటు రాస్తోందని చెప్పాం. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

సెప్టెంబరు మొదట్లో ఆ కథ ప్రింటు తీసి నాకు తెచ్చిచ్చింది. రెండువందల పన్నెండు పేజీలు.

"దారులు చిక్కుపడిపోతున్నాయి పెద్దమ్మా. ఒక చోట విడాకులైపోయిన మనిషి ఇంకో చోట మొగుడికి కాఫీ ఇస్తోంది. నువ్వైతే పట్టేస్తావు."

పాత క్యాలెండరు కాగితాలు వెనక్కి తిప్పి, అంటించి, భోజనాల బల్ల మీద పరిచాను. కథ మొత్తాన్నీ తీగల డ్రాయింగులా గీశాను. ఎంపికలు ముప్ఫై ఒకటి. ముగింపులు తొమ్మిది. మొదటి పేజీ నుంచి ఏదో ఒక ముగింపు దాకా పోయే దారులు నూట పద్దెనిమిది. ఒక్కో దారినీ వేలితో తడుముతూ వెళ్ళి ఎర్ర గీత పెట్టాను. పందొమ్మిది రోజులు పట్టింది. ఏ దారిలో వెళ్ళినా చేరలేని సీన్లు మూడు దొరికాయి.

"ఇక్కడ బజరు మోగలేదు" అని చూపించాను.

"నీకు జీతం ఇప్పించాలి పెద్దమ్మా" అని నవ్వింది. నాకు ఆ పని నచ్చింది. పడకగదుల గురించి నేను మాట్లాడలేదు, ఆమె ఎత్తలేదు.

ఆ నెలాఖరున ఆ కథలోవే నాలుగు పేజీలు, 88 నుంచి 91 దాకా, పిన్ను కొట్టినవి, అల్వాల్ ఇంట్లో ఇస్త్రీ బట్టల మధ్య ఆమె భర్తకు దొరికాయి. అతను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాడు. ఇంగ్లీషు పేజీలు. పైన పేరు లేదు, ఆట అని లేదు. ఒక వానరోజు భార్య ఫోనులో "మా పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నా" అని భర్తకు చెప్పి, తనతో పనిచేసే అతని గదికి వెళ్ళడం ఆ పేజీల్లో ఉంది. 'నేను' అని రాసి ఉంది. ఆటలో ఆడేవాళ్ళే ఆ భార్య కాబట్టి అలా రాస్తారు. అది అతనికి తెలీదు.

అతనికి గుర్తొచ్చినది ఆగస్టు పదిహేడు, గురువారం. ఆ రోజు జోరున వాన. మధ్యాహ్నం ఫోను చేస్తే, పెద్దమ్మ ఇంట్లో ఉన్నానని భార్య చెప్పింది. పేజీలు ముందు పెట్టి అడిగాడు, ఆ రోజు నిజంగా అక్కడే ఉన్నావా అని. ఉన్నానంది. అతను నమ్మలేదు. పండగ పూట గొడవెందుకని దసరా దాటించి, మర్నాడు ఆమె నా దగ్గరికొచ్చింది.

బుధవారం సాయంత్రం అల్వాల్ నుంచి వియ్యంకుడు ఫోను చేశాడు. హార్డ్‌వేర్ దుకాణం నడిపే మనిషి, మాట తొణకదు.

"అక్కా, ఒక్కటే ముచ్చట. గా గురువారం పిల్ల మీ ఇంట్లనే ఉండెనా? ఉండె అని నువ్వు ఒక్క మాట చెప్తే మావోనికి నేను చెప్త. లేకుంటే పిల్ల నీ దగ్గర్నే ఉండనీ. నమ్మకం లేకుంట ఒక కప్పు కింద ఎట్ల ఉంటరు?"

ఉందని నేను ఆ క్షణానే చెప్పొచ్చు. కానీ నోటిమాట మీద నాకు గౌరవం లేదు. "నా రిజిస్టరులో తేదీవారీగా ఉంటుంది తమ్ముడూ. ఆదివారం తెచ్చి మీ ముందే తెరుస్తాను, మీరే చదువుకోండి" అన్నాను.

అదీ నేను చేసిన తప్పు. రిజిస్టరు తెరిచి చూడకుండా తెస్తానని మాటిచ్చాను. పిల్ల గురువారాలు తరచుగా వచ్చేది, ఆ గురువారమూ వచ్చే ఉంటుందనుకున్నాను. పరీక్షించకుండా కట్ట మీద ముద్ర వెయ్యడం నా నౌకరీలో ఒక్కసారి కూడా చెయ్యలేదు.

శనివారం భోజనాలయ్యాక, ఆమె వచ్చిన రోజుల దగ్గర కాగితం ముక్కలు పెడదామని రిజిస్టరు తీశాను. పెళ్ళయినప్పటి నుంచి పద్నాలుగు రోజులు దొరికాయి. ఆగస్టు పదిహేడు దగ్గరికొచ్చాను. నా అక్షరాలే.

'వాన. కరెంటు 3.10కి పోయి 5.25కి వచ్చింది. ఎవరూ రాలేదు.' అంచు దాకా గీత.

ఆమె కిటికీ దగ్గర తల దువ్వుకుంటోంది. రిజిస్టరు ఆమె ముందు పెట్టాను. చదివింది. దువ్వెన చేతిలోనే ఉండిపోయింది.

"ఎక్కడున్నావు?"

"స్టేషన్లో."

"ఏ స్టేషన్?"

"సికింద్రాబాద్. ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని పదో నంబరు మీద కూర్చున్నాను. మూడు గంటలు. రెండు టీలు తాగాను. అంతే పెద్దమ్మా."

"ఎవరికోసం?"

"ఎవరికోసమూ కాదు. ఆఫీసులో తలనొప్పని చెప్పి వచ్చేశాను. ఇంటికెళ్ళబుద్ధి కాలేదు. నీ దగ్గరికొస్తే ఏమైందని అడుగుతావు. ఏమీ కాలేదు. ఒక్కదాన్నే కూర్చోవాలనిపించింది. ఈలోపు ఆయన ఫోను. ఊరికే స్టేషన్లో కూర్చున్నానంటే ఎవరైనా నమ్ముతారా? నోటికొచ్చింది నీ పేరు."

"ఆ టికెట్ ఉందా?"

"ప్లాట్‌ఫాం టికెట్లు ఎవరు దాచుకుంటారు, నువ్వు తప్ప?"

నవ్వు రాలేదు ఇద్దరికీ. కాసేపటికి ఆమే చెప్పింది. ఆ మర్నాడే ఆ సంగతిని ఆటలో సీనుగా రాసిందట. భార్య స్టేషన్లో కూర్చుంటుంది, రైళ్ళు వస్తాయి, పోతాయి, తిరిగి ఇంటికెళ్తుంది. వాళ్ళ టీము లీడ్ తీసేయమన్నాడట. ఏమీ జరగని సీను ఎవరు ఆడతారు, ఈ దారి అతని గదికే వెళ్ళాలి అన్నాడట. అలా పుట్టినవి ఆ నాలుగు పేజీలు.

"తీసేసిన సీను నా దగ్గరింకా ఉంది. తేదీ కూడా ఉంది దాని మీద. రేపు అది చూపిద్దాం."

"కుదరదు" అన్నాను. "ఆ నాలుగు పేజీలు కథ, నిజం కాదు అని కదా మనం చెప్పబోయేది. అవి కథైనప్పుడు ఇదీ కథే. ఇది నిజమైతే అవీ నిజమే అంటారు."

ఆమె దువ్వెన కిటికీలో పెట్టింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"వచ్చిందని చెప్పు పెద్దమ్మా. ఒక్క మాట. రాయడం మర్చిపోయానని చెప్పు."

"నేను మర్చిపోనని వాళ్ళకి తెలుసు."

"నీ గీతే నీకు ముఖ్యం" అని లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆమె చేసిన ఉప్మా విడివిడిగా తిన్నాం.

ఆమె చెప్పినది నేను నమ్మానా అంటే, నమ్మాను. కానీ బజరు మోగి కాదు. రెండో చివర ఎక్కడుందో తెలీని తీగను నమ్మడం అదే మొదలు.

ఆదివారం పదకొండుకి అల్వాల్ చేరాం. రిజిస్టరు గుడ్డసంచిలో నా ఒళ్ళో ఉంది. వాళ్ళ ముందుగదిలో వియ్యంకుడు, వియ్యపురాలు, అల్లుడు, మేమిద్దరం. టీ ఇచ్చారు. ఆ నాలుగు పేజీలు టీపాయ్ మీద ఉన్నాయి. వాటి మీద టీవీ రిమోట్ పెట్టి ఉంది.

వియ్యపురాలే మొదలుపెట్టింది. "వదినా, నీ చెల్లె బిడ్డ ఏం రాస్తదో నీకు ఎరుకేనా?"

"ఎరుకే. రెండువందల పన్నెండు పేజీలూ చదివాను."

"గంత చదివి ఊకున్నవా?"

"ఊరుకోలేదు. మూడు తప్పులు దిద్దాను."

వియ్యంకుడు దగ్గాడు. వియ్యపురాలు నా వైపు చూసి, "సంసారం చేసినోళ్ళకు తెలుస్తది తక్లీఫ్, నీకేం తెలుస్తది" అంది. అది నేను చాలామంది నోట విన్న మాటే.

నేను లెక్క చెప్పాను. అది ఆట అని, నూట పద్దెనిమిది దారులని, అందులో పదకొండు దారులు మాత్రమే ఆ పేజీల గుండా పోతాయని, మిగిలిన నూట ఏడింటిలో ఆమె ఆ గదికి వెళ్ళనే వెళ్ళదని.

"గన్ని తొవ్వలు నాకెందుకు అక్కా" అన్నాడు వియ్యంకుడు. "నాకు ఒక్క దినం కావాలె. పుస్తకం తెరుస్తనంటివి."

అల్లుడు అప్పటిదాకా తల ఎత్తలేదు. అప్పుడెత్తాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. అతని చూపు నా మీద కాదు, సంచి మీద ఉంది. ఆ రిజిస్టరులో ఆమె పేరు ఉండాలని ఆ గదిలో అందరికన్నా ఎక్కువగా కోరుకుంటున్నది అతనేనని అప్పుడు నాకు తెలిసింది.

రిజిస్టరు తీశాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. పేజీ నా వైపే ఉండేలా పట్టుకున్నాను. వేలు ఆ వరస మీద పెట్టి, "ఆగస్టు పదిహేడు, గురువారం. వాన. మూడు పదికి కరెంటు పోయింది. మధ్యాహ్నం రెండింటికి..." అన్నాను.

రెండింటికి అన్న మాట ఆ వరసలో లేదు. మిగతాది కూడా నా నాలుక మీద సిద్ధంగా ఉంది. అమ్మాయి వచ్చింది, అని.

"పెద్దమ్మా, వద్దు" అంది మా పిల్ల.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేను ఆ రోజు వెళ్ళలేదు. పెద్దమ్మ పుస్తకంలో ఎవరూ రాలేదనే ఉంది. నిన్న చూపించింది."

వియ్యపురాలు చేతిలో గ్లాసు కింద పెట్టింది. "మరి యాడికి పోయినవ్?"

"స్టేషన్‌కి. సికింద్రాబాద్. ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాను."

"ఎవరితోని?" అన్నాడు అల్లుడు.

ఆమె అతని మొహంలోకే చూస్తూ అంది, "నువ్విదే అడుగుతావని ఆ రోజు చెప్పలేదు."

పైన ఫ్యాను తిరుగుతోంది. వియ్యపురాలు ఏదో అనబోతే వియ్యంకుడు చెయ్యెత్తి ఆపాడు. నేను రిజిస్టరు తిప్పి ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ వరస చదివి, గీతను వేలితో చివరిదాకా తడిమి చూశాడు.

"ఇప్పుడు నేను అబద్ధం చదవబోయాను తమ్ముడూ" అన్నాను. "నా రిజిస్టర్ల పేరు చెప్పి అబద్ధమాడటం ఇదే మొదటిసారి అయ్యేది. మీరు నమ్మేవారు కూడా. ఆమె నోరు మూసుకుని కూర్చుంటే ఈపాటికి గొడవ తీరిపోయేది. స్టేషన్ సంగతికి నా దగ్గర రుజువు లేదు. ఇప్పుడు మీ కళ్ళ ముందు జరిగినదానికి మీరే సాక్షులు."

ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. మేం లేచాం. గేటు దాకా వచ్చాక వెనక నుంచి అల్లుడి గొంతు వినిపించింది.

"పెద్దమ్మా, ఆ మిగిలిన పేజీలు యాడున్నయ్?"

"మా ఇంట్లో, బల్ల మీద."

"మొత్తం ఇయ్యుండ్రి. నాలుగే చదివిన గదా."

ఆ సాయంత్రమే స్కూటరు మీద వచ్చి, గుమ్మం బయటే నిలబడి, ఆ పేజీల కట్టతో పాటు నా డ్రాయింగు కూడా పట్టుకెళ్ళాడు. తీసేసిన స్టేషన్ సీను అందులో లేదు. ఇవ్వమని ఆమె అనలేదు, ఇద్దామని నేను అనలేదు.

తర్వాత పదకొండు రోజులు. మొదటి మూడు రోజులు ఫోను మోగినప్పుడల్లా ఆమె లేచి నిలబడేది. నాలుగో రోజు నుంచి లేవడం మానేసింది. ఆఫీసుకు వెళ్ళేది, వచ్చేది, కంచం కడుక్కునేది. ఆ కథను శుక్రవారం, ఇరవయ్యో తేదీన క్లయింటుకు పంపాలి. ఇక ఇక్కడే ఉండిపోయేటట్టయితే మనిద్దరం చెరో గది తీసుకుందామా, మంచం ఎటు వేసుకోవాలి అని ఒకరోజు అడిగింది. అటు తూర్పు వైపు వేసుకోమన్నాను. అది చెప్పడానికి నాకు చాలా సమయం పట్టింది.

గురువారం, పందొమ్మిదిన, పదింపావుకి అల్లుడు వచ్చాడు. ఆఫీసుకు సెలవు పెట్టాడట. కట్ట బల్ల మీద పెట్టాడు. అంచుల్లో పెన్సిల్ గుర్తులు. నా ఎర్ర గీతల పక్కన అతని నల్ల గీతలు. నూట పద్దెనిమిది దారులూ నడిచాడు.

ఆమె ఇంకా ఆఫీసుకు బయల్దేరలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. అతను ఆమెను పలకరించలేదు, నన్నూ పలకరించలేదు. 143వ పేజీ తీశాడు.

"ఈడ కథల మొగడు 'ఎవరితోని' అని అడుగుతడు. ఆమెకు మూడు జవాబులిచ్చినవ్. ఏది నొక్కినా 144కే పోతుంది, మార్కులు సుత గంతే తగ్గుతయ్. పెద్దమ్మ కూడ పట్టలే. పొరపాటున పడ్డ బగ్గా ఇది?"

నిజమే. మూడు తీగలూ బజరు మోగించాయి కాబట్టి మూడింటికీ గీత పెట్టి ముందుకెళ్ళాను. మూడూ ఒకే చోటికి చేరుతున్నాయని అనుకోలేదు.

"బగ్ కాదు" అంది ఆమె. "అలాగే రాశాను. ఆ ప్రశ్న పడ్డాక ఏం చెప్పినా ఒకటే."

అతను ఆ పేజీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"142లనే ఆగి ఆయన అడగకుంటే?"

"అడగడం మానేసి ఆమె ఎదురుగా కూర్చోవాలి. కూర్చుంటే ఆమే చెప్తుంది."

"ఏమని?"

"స్టేషన్‌కి వెళ్ళానని."

"ఆ సీను ఇందుల లేదు."

"తీసేయించారు. నా దగ్గరుంది."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తనకు ఎదురుగా ఉన్న కుర్చీని కాలితో కొంచెం బయటికి నెట్టాడు.

"పెట్టు మల్ల. పంపుడు రేపే గదా. నువ్వు రాయి, నేను టెస్ట్ చేస్త."

"లీడ్ ఒప్పుకోడు."

"పంపినంక చూస్తడు."

ఆమె ఆఫీసుకు ఫోను చేసి, ఇంటి నుంచే పూర్తి చేస్తానంది. ఆ పగలంతా బల్లకు ఆ పక్క ఆమె కంప్యూటరు, ఈ పక్క అతని పెన్సిలు. ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒకసారి, "ఆ దినం ఏం రైళ్ళొచ్చినయ్?" అని అతనడగడం విన్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నేను కుక్కరు పెట్టడానికి వెళ్ళాను. రెండు విజిళ్ళయినా ఇంకా చెబుతూనే ఉంది.

ఆరు నలభైకి ఇద్దరూ స్కూటరు మీద వెళ్ళారు. బ్యాగు ముందు పెట్టుకున్నారు. అత్తగారు ఏమంటుందో ఇద్దరికీ తెలుసు. వెళ్ళారు.

నేను డ్రాయింగు మళ్ళీ పరిచి, 142 దగ్గర కొత్త తీగ కలిపి, మొదటి నుంచి లెక్కపెట్టాను. తర్వాత రిజిస్టరు తీశాను.

'అక్టోబరు 19, గురువారం. వాన లేదు. కరెంటు పోలేదు. అల్లుడు 10.15కి వచ్చాడు. దారులు ఇప్పుడు నూట ఇరవై నాలుగు. ఇద్దరూ 6.40కి వెళ్ళారు.'

ఇంకా కొంత చోటు మిగిలింది. అంచు దాకా గీత గీశాను.